బోడగుట్ట మీది లెక్క

ఇందల్వాయి రైలుస్టేషనుకు తూర్పున, ధర్పల్లి బాటకు ఎడమచేతి వైపు, చెట్టుచేమ పెద్దగా లేని ఒక పొడుగాటి గుట్ట ఉంది. దాన్ని బోడగుట్ట అంటారు. ఆ గుట్ట మీద హన్మవ్వ ఎనిమిదేళ్లు, ప్రతి యేడూ శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా, ఉత్తరదిక్కుకు పోయే గద్దలను లెక్కబెట్టింది. ఆ ఎనిమిదేళ్లలో రెండేళ్లు ఆమెను లెక్కబెట్టమని ఎవరూ అడగలేదు. వద్దని కూడా అన్నారు. ఆ రెండేళ్ల కోపం ఆమెను చివరిదాకా వదల్లేదు.

హన్మవ్వ పుట్టింది బోధన్ దగ్గర ఒక చెరకు ఊరిలో. తల్లీ తండ్రీ చెరకు కొట్టే కూలీలు. చెరకుతోటల నడుమ అక్కడక్కడా జొన్నచేలు ఉండేవి. ఏడేళ్ల పిల్లప్పుడే ఆమెను ఒక ఆసామి చేనుకు కావలి పెట్టారు. పొద్దు పొడవకముందే మంచె ఎక్కి, వడిసెల చేతబట్టుకుని, చిలుకలనూ పిచ్చుకలనూ తోలాలి. అక్కడే ఆమె కళ్లు పదునెక్కాయి. ఆకాశంలో ఆవగింజంత కనబడేది చిలుకో, పావురమో, డేగో రెక్క ఆడే తీరును బట్టి చెప్పేది.

ఒకనాడు ఆసామి మనిషి వచ్చి చేను చుట్టూ తిరిగి, నలభై కంకులు పిట్టల పాలయ్యాయన్నాడు.

"ఆరే," అంది హన్మవ్వ.

వాడు చెంప మీద ఒక్కటిచ్చాడు. "ఆరే," అంది మళ్లీ. ఇంకొకటిచ్చాడు.

ఇంటికొచ్చాక తల్లి చెంపకు పసుపు రాస్తూ, "నలభై అంటే నీదేం పోయె బిడ్డా, ఊకుంటె అయిపోవు గద," అని తనే ఏడ్చింది. హన్మవ్వ ఏడవలేదు. ఆరింటిని నలభై అని ఎట్లా అంటారో ఆమెకు అర్థం కాలేదు. పెద్దదయ్యాక కూడా కాలేదు.

పదిహేనేళ్లకు ఆమెను బోడగుట్ట కింది పల్లెలో ఉండే లింబయ్యకు ఇచ్చారు. లింబయ్య గొంతెత్తి ఎరగడు. నిజాం జమానాలో ఉర్దూ బడికి రెండు తరగతులు పోయాడు కాబట్టి అలీఫ్, బే కూడబలుక్కుని చదివేవాడు, అంకెలు రాసేవాడు. వానాకాలం నాట్లకు, ఎండాకాలం తునికాకు కోతకు పోయేవాడు. ఇంట్లో నాలుగు మేకలు. ఒక్క కూతురు. మొగుడూ పెళ్లాలకు పడేది కాదని ఊరు అనుకునేది గానీ, అది నిజం కాదు. ఆమె తిట్టేది, అతను వినేవాడు, ఇద్దరూ కలిసి తినేవారు.

పంతొమ్మిది వందల అరవై అయిదులో, శివరాత్రికి ముందు, ఊర్లోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి ఖాకీ నిక్కరు, ఖాకీ టోపీ వేసుకున్న సన్నపాటి ముసలాయన దిగాడు. మెడలో దుర్బిణి వేలాడుతోంది. పక్షుల సర్వే పని మీద హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టర్ వెంకోబరావు ఆయన. ఆ వేషం చూసి ఊరి జనం నవ్వు ఆపుకోలేక, అచ్చం దొర వేషం కట్టి ఊరూరా ఆటాడ వచ్చే పిట్టలదొర లెక్కనే ఉన్నాడన్నారు. ఆ రోజు నుంచి ఆయన వెనకాల ఆయన పేరు అదే.

ఆయన మాత్రం ఆటకు రాలేదు. రచ్చకట్ట మీద కూర్చుని లింబయ్యకు విడమరిచి చెప్పాడు. చలికాలం మన చేలల్లో ఎలుకలనూ మిడతలనూ తిని బతికే గద్దలూ డేగలూ కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడివి కావు. ఎండలు ముదిరేలోపు కొండలూ దేశాలూ దాటి ఉత్తరానికి పోతాయి, గుడ్లు పెట్టేది అక్కడే. పోయేటప్పుడు ఈ గుట్ట మీదుగా పోతాయి. ఎన్ని పోతాయో ఇంతవరకు ఎవరూ లెక్కబెట్టలేదు.

"రోజూ పైకి పోయి కూర్చోవాలె. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఎన్ని పోతే అన్ని రాయాలె. ఒక్కటీ పోకపోతే సున్న రాయాలె. చేస్తవా లింబయ్యా?"

"సరే సారు," అన్నాడు లింబయ్య.

ఆ యేడు చక్కగా లెక్కబెట్టాడు. రెండో యేడు, పని మొదలైన నాలుగో రోజే, గుట్ట దిగుతూ రాయి జారి పడ్డాడు. తుంటి విరిగింది. కట్టు కట్టే మనిషి వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టాడు గానీ, ఆ కాలు మళ్లీ నేల మీద సరిగ్గా ఆనలేదు.

మర్నాడు పొద్దున హన్మవ్వ సద్దిమూట కట్టుకుని, మేకలను తోలుకుని గుట్ట ఎక్కింది. ఆమెకు రాయడం రాదు. సుతిలితాడు ఒకటి తీసుకుపోయింది. సన్నగా, తేలిగ్గా, చేనంతా వెతుక్కుంటూ పోయినట్టు ఊగుతూ పోయే పిల్లిగద్దకు ఒక చిన్న ముడి. బల్లపరుపు రెక్కలతో పైపైన పోయే రాజగద్దకు రెండుపేటల ముడి. బైరి డేగ పోతే ముడిలో గడ్డిపోచ దోపేది. రోజు అయిపోగానే తాడుకు ఒక గుడ్డపేలిక కట్టేది. ఇంటికొచ్చి తాడు చేతికిస్తే, లింబయ్య మంచంలో పడుకునే వేళ్లతో తడుముతూ పుస్తకంలో రాసేవాడు.

మొదట్లో ఆమెకు అది మొగుడి పని మాత్రమే. హోలీ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అంతా మారింది. ఎండ దక్షిణపు బండకు తగిలి వేడిగాలి లేచింది. కింద మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయో, రాజగద్దలు ఒక్కొక్కటే ఆ గాలిలోకి వచ్చి, రెక్క ఒక్కసారి కూడా కొట్టకుండా, గుండ్రంగా చుట్టుకుంటూ పైకి లేవడం మొదలుపెట్టాయి. అన్నింటికన్నా పైన ఉన్నది గసగసాల గింజంత అయ్యాక, చుట్టు విడిచి ఉత్తరానికి జారింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. హన్మవ్వ నోరు తెరుచుకుని ముడులేసింది. ముప్పై ఏడు. వేళ్లు సుతిలి గీరుకుని మండుతున్నాయి. ఎవరో తోలితే పోయేవి కావవి. ఎవరూ పిలవకుండానే, పోయే రోజు తెలుసుకుని పోతున్నాయి. ఆ రోజు నుంచి గుట్ట ఆమెది.

నిజామాబాద్‌లో సర్వే వాళ్లు అద్దెకు తీసుకున్న రెండు గదుల ఆఫీసుకు దేవిదాస్ అనే ఆయన ఇన్‌చార్జి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నెలకోసారి వచ్చి లెక్కపుస్తకం చూసుకుపోయేవాడు. లింబయ్య పడ్డాడనీ, పెళ్లాం గుట్ట ఎక్కుతోందనీ తెలిసినా పైకి రాయలేదు. పుస్తకంలో పేరు లింబయ్యదే. అయితే మొదటి వారమే వచ్చి దుర్బిణి మాత్రం పట్టుకుపోయాడు, "ఆడమనిషి చేతుల పలుగుతది," అని. హన్మవ్వ ఉత్త కళ్లతోనే రెండేళ్లు చూసింది.

అరవై ఎనిమిది శివరాత్రికి దేవిదాస్ వెంట ఒక పిల్లగాడు వచ్చాడు. నున్నగా దువ్విన తల, చేతికి గడియారం, మెడలో ఆ దుర్బిణి.

"గీన రామ్‌దాస్. మా అక్క కొడుకు. మెట్రిక్ పాసైండు," అన్నాడు దేవిదాస్. "ఈ ఏటి సంది లెక్క గీనె రాస్తడు."

"రాసుడు సరే సారు, సూసుడు ఎవలు సూస్తరు?" అంది హన్మవ్వ.

"సూసేది గీనె, రాసేది గీనె."

"మరి గిన్నొద్దులు నేను సూసిన గద."

"నువ్వు సూసినవని కాయిదం మీద యాడున్నది? లింబయ్య పేరున్నది. లింబయ్య కాలు పోయింది. ఆడమనిషి తాడుకు ముడులేసిందంటె హైదరాబాదోళ్లు నవ్వరా?"

లింబయ్య మంచం మీద లేచి కూర్చుని, "సరే సారు," అన్నాడు.

"నువ్వు సరే అనకు!" అని హన్మవ్వ గయ్యిమంది. మంచం కోళ్లు అదిరినట్టయింది. అప్పటికే దేవిదాస్ లెక్కపుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దాటాడు.

మర్నాడు ఆమె మేకలను తోలుకుని గుట్ట ఎక్కింది. కొత్తగా వచ్చినవాడికి ఏ బండ మీద కూర్చుంటే నాలుగు దిక్కులూ కనబడతాయో చూపెడదామనుకుంది. మధ్యాహ్నం దాకా వాడు రాలేదు. మూడో రోజు కూడా రాలేదు. నాలుగో రోజు పైనుంచి కిందికి చూస్తే, సడక్ పక్కన ఉస్మాన్ చాయ్ హోటల్ ముందర, చెక్క బల్ల మీద, నీడపట్టున కూర్చుని కనబడ్డాడు. చేతిలో చాయ్ గ్లాసు. ఒళ్లో లెక్కపుస్తకం.

హన్మవ్వకు చెవులు వేడెక్కాయి. వాడు కింద కూర్చుంటే పైన పోయేవాటిని ఎవరు చూస్తారు? కొంగులోంచి సుతిలితాడు తీసి, అప్పటికి కళ్ల ముందు పోయిన ఆరు పిల్లిగద్దలకు ఆరు ముడులేసింది. నౌకరీ లేదు, జీతం లేదు. వద్దన్నారు. ఆ యేడు ఒక్క రోజు కూడా మానలేదు. ఉగాది దాటాక ఆ తాడును ఇంటి దూలానికి వేలాడదీసింది.

ఊరంతా నవ్వింది. నీళ్ల కాడ ఆడవాళ్లు, "హన్మవ్వా, ఇయ్యాల ఎన్ని గద్దలకు పెండ్లి జేసినవే?" అని అడిగేవారు. ఆమె జవాబుగా అనే మాటలు ఇక్కడ రాసేవి కావు.

అరవై తొమ్మిదిలోనూ అదే నడిచింది. వాడు కింద, ఆమె పైన. హోలీ వెళ్లిన మూడో రోజు పొద్దునే ఆకాశం రాగిచెంబు మసిబట్టినట్టయింది. ఆమె గుట్ట ఎక్కేసరికి గాలి లేచింది. పది గంటలకు వడగండ్లు మొదలయ్యాయి. రేగుపళ్లంత రాళ్లు. మేకలను బండ చరియ కిందికి తోసి, తనూ గొంగడి కప్పుకుని దూరింది. రాళ్లు ఆగితే వాన, వాన ఆగితే మళ్లీ రాళ్లు. సాయంత్రం దాకా అట్లాగే కొట్టింది. ఒక్క రెక్క ఆకాశంలో కనబడలేదు. ఎదురుగా గడ్డిలో రెండు పిల్లిగద్దలు ముద్దగా తడిసి, నేలకు కరుచుకుని కూర్చున్నాయి. వాటినీ ఆమె లెక్కలో వేయలేదు. అవి పోలేదు కదా. ఒక్క ముడి లేకుండా గుడ్డపేలిక మాత్రం కట్టి, చలికి పళ్లు టకటకలాడుతుండగా దిగివచ్చింది.

ఆ తర్వాత వారానికి, మేకపాలు ఇవ్వడానికి ఉస్మాన్ హోటల్‌కు పోయింది. రామ్‌దాస్ పుస్తకం బల్ల మీద పెట్టి, వెనక పెరట్లోకి పోయాడు.

"ఉస్మానన్నా, గా పుస్తకంల ఏం రాసిండో జర సదువు," అంది.

"నాకెందుకమ్మా హన్మక్కా గొడవ. పోరడు దినాం వచ్చి కూసుంటడు, సమోసలు తింటడు, పోతడు."

"సదువన్నా. వానొచ్చిన దినం సదువు."

ఉస్మాన్ తలుపు వైపు ఒకసారి చూసి, పేజీ తిప్పాడు. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "మార్చి ఏడు. అరవై మూడు." ఆగాడు. మళ్లీ చదివాడు. "అరవై మూడు గద్దలట."

"వానొచ్చిన దినమేనా?"

"అరే, నాకెర్క లేదా? గా దినం జుమ్మా. నమాజుకు పోనీకె గూడ రాలె. గీ ఇంటి మీది పెంకులు ఇర్వై ఒకటి పలిగినయ్, సూడు పైన, తాడిపత్రి కట్టిన. ఒక్క కాకి గూడ ఎగరలె, గద్దలెక్కడియి?" ఉస్మాన్‌కు కూడా కోపం వచ్చింది. తన పెంకులు పగిలిన రోజు ఎవడో తీరిగ్గా గద్దలు ఎగిరాయని రాస్తే ఎవరికైనా వస్తుంది.

రామ్‌దాస్ లోపలికి వచ్చాడు. హన్మవ్వ పుస్తకం మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"అరవై మూడు యాడికెల్లి వచ్చినయ్?"

వాడు మొదట తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. "అక్కా, గద్దల లెక్క తక్కువైతె అవి వచ్చి అడుగుతయా? ఎవలు సూడొచ్చిండ్రు? యాభయో అరవయో అట్ల ఏదో ఒకటి రాస్తున్న. ఎవలికి నష్టం?"

ఎవరికి నష్టమో హన్మవ్వకు ఆ క్షణాన చెప్పరాలేదు.  పాలచెంబు ఎత్తి వాడి ఇస్త్రీ చొక్కా మీద కుమ్మరించింది. ఉస్మాన్ గబగబా నడుమకు వచ్చాడు గానీ, ఆమె అప్పటికే సడక్ ఎక్కి పోతోంది. దారంతా తనను తానే తిట్టుకుంది. అంత మంచి పాలు వాడి మీద పోసినందుకు.

ఆ నెల ప్రత్యేక తెలంగాణ గొడవల్లో బస్సులు ఒక రోజు తిరిగితే రెండు రోజులు తిరగలేదు. ఆమె రైలెక్కి నిజామాబాద్‌లో దిగి, దారి అడుగుతూ అడుగుతూ ఆఫీసు పట్టుకుంది. దేవిదాస్ ఫ్యాను కింద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు.

"ఆ దినం వడగండ్లు వడ్డయ్ సారు. ఒక్కటి వోలేదు. ఆయన అరవై మూడు రాసిండు. ఒక్క దినం గాదు, రెండేండ్లు ఆయన గుట్ట ఎక్కలె. అంత ఝూటే."

"వానల గద్దలు ఎగరవని నీకెవలు చెప్పిండ్రు?"

"గద్దలే చెప్పినయ్. మీకు చెప్పలేదా?"

పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. దేవిదాస్ పెన్ను కింద పెట్టాడు. "సూడమ్మ. నీ మొగని నౌకరి పోయిందని నీకు బాధున్నది, సమజైతది. కని గిట్ల పెద్దోళ్ల మీద మన్ను వొయ్యొద్దు. పోయినేటి లెక్క హైదరాబాదు పోయింది, అచ్చుకు గూడ పోయింది. ఈ ఏటిది గూడ పోతది. చాయ్ దాగి ఇంటికి పో."

అటెండరు చాయ్ తెచ్చి పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. బల్ల మీద చాయ్ మీద తెట్టె కట్టేదాకా అట్లాగే నిలబడింది, ఇంకా ఏమైనా అంటాడేమోనని. ఆయన రాసుకుంటూనే ఉన్నాడు. చివరికి బయటికొచ్చి స్టేషనుకు నడిచింది. ఆ రోజు ఆమెకు మండింది దేవిదాస్ అబద్ధం మీద కాదు. తను నౌకరీ కోసం వచ్చిందని అతను అనుకున్నాడు. అంతకన్నా వేరే కారణం ఒక మనిషికి ఉంటుందన్న ఊహే అతనికి రాలేదు.

డెబ్బైలో, హోలీకి పది రోజుల ముందు, డాక్టర్ వెంకోబరావు తనిఖీకి వస్తున్నాడని ఉస్మాన్ కబురు చేశాడు. హన్మవ్వ రెండు తాళ్లనూ దూలం మీంచి దించి మెడలో వేసుకుని, సడక్ మీదికి పోయి నిలబడింది. జీపు వచ్చింది. ఆమె కదల్లేదు. జీపు ఆగింది. దేవిదాస్ తల బయట పెట్టి, "పక్కకు జరుగు!" అని అరిచాడు.

"జరగ. ముసలి సారుతోని మాట్లాడాలె."

వెంకోబరావు దిగాడు. ఈ అయిదేళ్లలో బాగా వంగిపోయాడు. "నువ్వు లింబయ్య భార్యవు కదూ?"

ఆమె చెప్పింది. నడిరోడ్డు మీద, ఎండలో, వడగండ్ల రోజు మొదలుకొని చాయ్ దాకా అంతా చెప్పింది. దేవిదాస్ నడుమ నడుమ అడ్డుపడబోతే, లింబయ్య కర్ర ఊతంగా కుంటుకుంటూ వచ్చి, "చెప్పనియ్యి సారు, ఆమె చెప్పేదాక మీ జీపు వోదు," అన్నాడు. లింబయ్య అంత పొడుగు మాట బయటివాళ్లతో అనగా ఎవరూ వినలేదు.

డాక్టర్ తాడు చేతిలోకి తీసుకుని చూశాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. "దుర్బిణి లేకుండా, రాయకుండా... రేపు నేనూ నీతో గుట్ట మీద కూర్చుంటా. నా లెక్క నేను పెట్టుకుంటా, నీ లెక్క నువ్వు పెట్టుకో. సాయంత్రం చూద్దాం."

మర్నాడు ఆయనను గుట్ట ఎక్కించడానికి గంటన్నర పట్టింది. బండ మీద ఒక కొసన ఆయన, ఇంకో కొసన ఆమె. రోజంతా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె సగం తుంచి ఆయన వైపు పెడితే, కళ్లు దుర్బిణి మీంచి తీయకుండానే అందుకుని తిన్నాడు. నాలుగయ్యాక ఆయన పుస్తకం మూశాడు.

"నీకెన్ని?"

"నలభై ఒకటి."

"నాకు నలభై నాలుగు." ఆయన ముఖంలో ఒకలాంటి జాలి కనబడింది. "మూడు తక్కువ హన్మవ్వా. రాజగద్దలు మూడు, మరీ పైన పోయాయి."

కింద నుంచి ఆయాసపడుతూ ఎక్కివచ్చిన దేవిదాస్ ముఖం వెలిగింది. "నేను చెప్పలేదా సార్..."

"మూడు తక్కువుండొచ్చు," అంది హన్మవ్వ. గొంతు పెరిగింది. "నాకు దుర్బిణి ఇయ్యలె. ఇచ్చింది గుంజుకపోయిండ్రు. నాకు కనవడ్డయే చెప్పిన. కనవడనియి చెప్పలె. కనవడకపోవుడు, లేనిది రాసుడు ఒక్కటేనా సారూ? నువ్వే చెప్పు, సదువుకున్నోనివి."

 వెంకోబరావు దేవిదాస్ వైపు చెయ్యి చాపి, "ఆ రెండేళ్ల పుస్తకం ఇయ్యండి," అన్నాడు. అక్కడే బండ మీద కూర్చుని పేజీలు తిప్పాడు. యాభై రెండు. యాభై ఎనిమిది. అరవై ఒకటి. యాభై అయిదు. ఒక్క సున్న లేదు. ఒక్క వంద లేదు. నలభై ఏళ్లు పక్షులను చూసిన మనిషికి ఆ వరసే చాలు. అది పక్షుల లెక్క కాదని ముందే పట్టుకోవలసింది ఆయన. హైదరాబాదులో కుర్చీలో కూర్చుని పట్టుకోలేకపోయాడు. ఎర్రపెన్ను తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అడ్డంగా గీతలు కొట్టాడు. ప్రతి పేజీ కిందా ఒక మాట రాసి సంతకం పెట్టాడు.

"ఏం రాసిండ్రు?"

"ఈ రెండేళ్లు లెక్క లేదు అని."

హన్మవ్వ లేచి నిలబడింది. "లెక్క లేదా? లెక్కున్నది సారూ. గీ తాళ్ల మీదున్నది. దినాం ఎక్కిన. జ్వరమొచ్చినా ఎక్కిన. లెక్క లేదని మల్లొక ఝూట ఎందుకు రాస్తరు?"

"అది కాదమ్మా. ఏ గంటకు పోయాయి, గాలి ఎటు ఉంది, ఏ జాతి, ఇవన్నీ ఉండాలె. ముడులను శాస్త్రం ఒప్పుకోదు."

"మెట్రిక్ పోరడు హోటల్ల కూసుండి రాసినదాన్ని ఒప్పుకుంది గద? అచ్చు గూడ ఏసిండ్రట గద? దొంగలెక్కకు మీ పుస్తకంల జాగ దొరికె, నా లెక్కకు దొరకదా?"

 ఆయన మంచి మనిషే. అచ్చయినదాన్ని దిద్దమని రాస్తానన్నాడు. ఈ యేడు మిగిలిన రోజులు ఆమెనే చూడమన్నాడు, వచ్చే యేడు నుంచి ఆమె పేరు మీదనే పని ఇస్తామన్నాడు. దేవిదాస్ తలవంచుకుని నేల చూస్తున్నాడు. రామ్‌దాస్ ఆ రోజు ఊర్లోనే లేడు.

గుట్ట దిగేటప్పుడు ఆమె డాక్టర్ ముందు నడిచింది. జారే రాయి వచ్చిన చోటల్లా ఆగి చెయ్యి అందించింది. 

మాట ప్రకారం పని ఇచ్చారు. డెబ్బై ఒకటి నుంచి పుస్తకం అట్ట మీద హన్మవ్వ పేరు రాశారు. దుర్బిణి ఇచ్చారు. లింబయ్యను డోలీలో మోయించుకుపోయి బండ పక్కన గొంగడి మీద కూర్చోబెట్టేది. ఆమె చెబితే గంటా, గాలీ, జాతీ అన్నీ అతను రాసేవాడు. దుర్బిణిలోంచి మొదటిసారి రాజగద్ద కన్ను చూసిన రోజు ఆమె చాలాసేపు దాన్ని కింద పెట్టలేదు. పసుపుపచ్చటి నోటి అంచు, కన్ను పైన ముడుచుకున్న కనుబొమ. "నా లెక్కనే కోపం మీదున్నది," అని లింబయ్యతో చెప్పింది. అతను అది కూడా రాయబోతే చెయ్యి పట్టుకుంది.

ఆ మూడేళ్లూ మంచివే. కానీ ప్రతి యేడూ దేవిదాస్ వచ్చినప్పుడు ఆమె మొదటి మాట ఒకటే. "అచ్చుది దిద్దిండ్రా?" ఉత్తరం రాశారనేవాడు. మళ్లీ యేడు అడిగితే జవాబు రాలేదనేవాడు. మూడో యేడు, "ఎవలు సదువుతరమ్మ గది, ఇడిసిపెట్టు," అన్నాడు. వెంకోబరావు అప్పటికే పింఛను తీసుకుని పూనా వెళ్లిపోయాడు.

డెబ్బై మూడు ఎండాకాలంలో సర్వే మూసేశారు. దేవిదాస్ దుర్బిణి వాపసు తీసుకోవడానికి వచ్చాడు. ఇప్పుడు ఆయన జేబులో ఒక్కటే పెన్ను ఉంది. ఆఫీసు మూతపడితే ఆయన నౌకరీ కూడా ఏమవుతుందో తెలియదు. హన్మవ్వ దుర్బిణిని మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చింది. ఆయన సంచిలోంచి ఒక కాగితమూ సిరా డబ్బీ తీశాడు.

"వేలిముద్ర ఎయ్యి. పని సక్కగ అయిపోయిందని."

"ఏం రాసున్నదో సదువు."

"ఏమున్నది, ఎవలెవలు ఎప్పుడు పని జేసిండ్రో."

"సదువు సారు."

ఆయన చదివాడు. బోడగుట్ట లెక్క. అరవై అయిదు నుంచి అరవై ఏడు, లింబయ్య. అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, రామ్‌దాస్. డెబ్బై, డాక్టర్ తనిఖీ. డెబ్బై ఒకటి నుంచి డెబ్బై మూడు, హన్మవ్వ.

"రామ్‌దాసు పేరు కొట్టెయ్యి."

"అట్ల కొట్టొస్తదా? జీతం తీసుకున్నడు గద. రికార్డుల ఉన్నది."

"అయితె నా ఏలు వడదు."

"హన్మవ్వా, గిప్పుడు గిదంత ఎందుకు? ఆఫీసే లేదు. పిట్టలదొర లేడు. ఆ పోరడు బోధన్ల కిరాణం పెట్టుకున్నడు. నువ్వొక్కదానివే పట్టుకుని కూసున్నవ్."

"ఎవలో ఒకలు పట్టుకోవాలె గద," అంది ఆమె. సిరా డబ్బీ మూత తనే పెట్టి, ఆయన సంచిలో వేసింది.

ఎండ దిగేదాకా ఆయన వాకిట్లోనే కూర్చున్నాడు. బతిమాలాడు, గద్దించాడు, మళ్లీ బతిమాలాడు. ఆమె మేకలకు ఆకు కోసుకొచ్చి వేసింది, నీళ్లు తోడింది, పొయ్యి అంటించింది. చీకటిపడే ముందు ఆయన కాగితం మడత పెట్టుకుని బస్సుకు పోయాడు. మళ్లీ రాలేదు.

తర్వాతి యేడు హోలీకి హన్మవ్వ ధర్పల్లిలో బిడ్డ కాన్పు దగ్గర ఉంది. కాన్పయిన పదకొండో రోజు, మధ్యాహ్నం, పురిటి బట్టలు ఉతికి దండెం మీద ఆరేస్తోంది. నెత్తి మీంచి ఒక నీడ జారిపోయింది. తలెత్తి చూసింది. బూడిదరంగు పిల్లిగద్ద, రెక్కల కొనలు నల్లగా, పసుపు ఎండేసిన కళ్లాల మీదుగా ఉత్తరానికి ఊగుతూ పోతోంది. ఇళ్ల వెనక కనబడకుండా పోయేదాకా చూసింది. తడిబట్ట చేతిలో నీళ్లోడుతోంది. అప్పుడు దేవిదాస్‌ను, వాడి అక్క కొడుకును, వాళ్ల రికార్డును, దాన్ని అచ్చేసిన యంత్రాన్ని కలిపి, ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది.

లోపల్నుంచి కూతురి గొంతు వినబడింది. "మల్లెవలిని తిడుతున్నవే అవ్వా?"

"ఉన్నరు తియ్," అని హన్మవ్వ బట్ట గట్టిగా దులిపి దండెం మీద వేసింది.